రేకు పెట్టె మీద గడి తలుపు

నా బొమ్మల్లో మనుషులు ఉండరు. చెట్లు ఉండవు, దేవుళ్ళు ఉండరు. ఎరుపు, పసుపు, నీలం, వాటిని విడదీసే నల్ల గీతలు, అంతే. మొన్న హైదరాబాదులో వాటిని గోడలకు తగిలించిన రోజున, ఒక పత్రిక నుంచి వచ్చిన యువకుడు చాలాసేపు వాటి ముందు నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఏ దేశపు చిత్రకారుల ప్రభావం మీ మీద ఉంది మేడమ్ అని అడిగాడు. కోరుట్ల అన్నాను. అతను మర్యాదగా నవ్వాడు. పెద్దావిడ చమత్కారం చేసిందనుకొని, ఆ మాట రాసుకోకుండానే వెళ్ళిపోయాడు. నేను చమత్కారం చేయలేదు. దూరదేశాల వాళ్ళు ఇవే రంగులతో, ఇలాంటి గీతలతోనే గొప్ప బొమ్మలు వేశారని నాకు తెలుసు. తల నెరవడం మొదలైన తర్వాత వాటి అచ్చులు చూశాను. బాగున్నాయి. కాని అప్పటికే నా చేయి కుదిరిపోయింది. అది ఎక్కడ కుదిరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది బుగ్గారం దగ్గర ఒక ఊరు. ఊరి నడుమ ఉన్న గడి మాది. గడి అంటే కోటలాంటి దొరల ఇల్లు. చుట్టూ ఎత్తైన గోడ, గోడ అడుగున జాజు పూసిన ఎర్రటి పట్టీ, లోపల ధాన్యం కొట్లు, పశువుల కొట్టాలు, వచ్చేపోయే మనుషులు. తాత పోయిన తర్వాత భూముల్లో ఎర్రజెండాలు లేచాయి, పాలేర్లు రావడం మానేశారు, ఒక్కొక్క గదికీ తాళం పడింది. చివరకు మేం ఊరు విడిచి కోరుట్ల చేరాం. మమ్మల్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు, మేమే వచ్చాం అని నాయనమ్మ అనేది. ఆ మాట మీద నేను ఆమెతో ఎన్నడూ వాదించలేదు, ఇప్పుడూ వాదించను. మాది పడిపోయిన ఇల్లు. ఆ సంగతి చుట్టాలు చెప్పక ముందే మాకు తెలుసు. పడిన చోట ఎలా కూర్చోవాలో మాత్రం మాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

కోరుట్లలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు, వెనక చిన్న వాకిలి. ఇంట్లో నాయనమ్మ, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు సిరిసిల్లలో ఒక నూలు వ్యాపారి దుకాణంలో పని చేసేవాడు, ఆదివారం ఆదివారం వచ్చి పోయేవాడు. గడి నుంచి తెచ్చుకున్న తాత కుర్చీ ఒకటి ముందు గదిలో సగం ఆక్రమించేది. దాని చుట్టూ తిరిగి నడవడం మాకు అలవాటైంది కాని, దాన్ని తీసేద్దామని ఎవరూ అనలేదు. నాయనమ్మ తెల్లవారకముందే స్నానం చేసి, ఉతికిన తెల్లచీర కట్టుకొని, ఆ కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చునేది. ఆ ఇంటి ద్వారబంధం చాలా పొట్టిది. కొత్తవాళ్ళు తప్పకుండా నుదురు కొట్టుకునేవాళ్ళు. నాయనమ్మ మాత్రం మెడ వంచేది కాదు, మోకాళ్ళు కొంచెం మడిచి, తల నిటారుగానే పెట్టుకొని దాటేది. అన్నానికి బదులు జొన్నరవ్వ ఉడికించి గట్క వండుకునే రోజులు. ఆ గట్కనే వెండి పళ్ళెంలో పెట్టుకొని, మిగిలిన ఒక్క పళ్ళేన్ని వంతుల వారీగా కడిగి తినేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నాకు మాత్రం గట్క రుచి అంటే చల్లటి వెండి అంచు పెదవికి తగలడమే.

మా పక్కిల్లే యూసుఫ్ చిచ్చా దుకాణం. రేకు పెట్టెలు చేసేవాడు. పొద్దున్నే మొదలయ్యే సుత్తి దెబ్బలు మధ్యాహ్నపు నమాజుకు ఆగి మళ్ళీ మొదలయ్యేవి. కాల్చిన రేకు వాసన, ఎనామిల్ రంగుల వాసన, టర్పెంటు వాసన మా పచ్చిపులుసులోకి కూడా వచ్చేవి. ఆ రోజుల్లో చిచ్చాకు తీరిక ఉండేది కాదు. చుట్టూ ఊళ్ళలో బావులు ఎండిపోయాయి. వానలు లేవు. జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి బొంబాయి బస్సు ఎక్కే మనుషులు వారం వారం పెరుగుతున్నారు. దుబాయ్, మస్కట్ పోయేవాళ్ళు కొందరు, బొంబాయి దగ్గరి భీవండి మగ్గాలకు పోయేవాళ్ళు కొందరు. పోయే ప్రతివాడికీ ఒక పెట్టె కావాలి. బస్టాండులో ఆడవాళ్ళు పెట్టెల మీదనే కూర్చొని ఏడ్చేవాళ్ళు, బస్సు వచ్చి పెట్టెను పైకెత్తుతుంటే లేచి నిలబడేవాళ్ళు.

ఆ పెట్టెల మీద చిచ్చా తామరపువ్వు వేసేవాడు. ఆయనకు వచ్చింది అదొక్కటే. చక్కటి పువ్వు, గులాబీ రేకులు, ఆకుపచ్చ కాడ. చిక్కంతా అక్కడే వచ్చింది. బొంబాయిలో ఏజెంటు ఇచ్చే గదిలో మనుషులు నెలల తరబడి పడుండాలి, పెట్టెలు ఒక మూలన గుట్టగా పోసి ఉంటాయి. పేరు రాసినా చదవగలిగేవాళ్ళు తక్కువ. ఒకే ఊరి నుంచి పోయిన లింగం, రాజేశం అనే ఇద్దరు, పిలుపు రాగానే తొందరలో ఎవరికి దొరికిన తామరపువ్వు వాళ్ళు ఎత్తుకొని పోయారు. లింగం మస్కట్‌లో దిగాడు, రాజేశం దుబాయ్‌లో దిగాడు. ఒకడు నిట్రాట, ఒకడు పొట్టి.

"వాని పాంటు వీనికి మోకాలు దాటదట," అని చిచ్చా మా వెనక వాకిట్లో నిలబడి చెప్పాడు. "అది గాదు బిడ్డ, తన భార్య ఫోటో చూసుకుందామని తీస్తే పక్కింటామె వచ్చిందట. ఆమె చూసి నవ్వుతున్నదట గూడ."

"ఫోటోల నవ్వకుంటె ఏడుస్తరా చిచ్చా," అన్నాను.

"నవ్వులాట గాదు. ఆ ఇద్దరి పువ్వులు నేనే వేసిన. రేపు ఇంకెవనిదో మందుల పెట్టె మారుతది."

"పువ్వులు అన్నీ ఒక్కతీరే ఉంటయి. గీతలు పెట్టు. ఒకనికి ఎర్రది అడ్డం, ఒకనికి నీలిది నిలువు. ఏ ఇద్దరికీ ఒకటి పెట్టకు."

చిచ్చా కుంచెను రేకు డబ్బా మీద పెట్టి నా వైపు తోశాడు. "నా చేతికి వంకరలే వస్తయి. నువ్వే పెట్టు."

నాకు అప్పుడు బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన వయసు. కుంచె తీసుకున్నాను. ఆ సాయంత్రమే నాయనమ్మతో చెప్పాను.

"గడి ఆడివిల్ల రేకు డబ్బలకు రంగు పూస్తదా?" అంది.

"డబ్బలు గావు నాయనమ్మ, పెట్టెలు."

"పేరు మారిస్తే పని మారుతదా?"

"మారది. అయినా నేను చేస్త."

ఆ పూట ఆమె తినలేదు. నేనూ తినలేదు. మా ఇంట్లో అలక కూడా నిటారుగా కూర్చొనే. రెండోరోజు మధ్యాహ్నానికి ఆమె పాన్‌దాన్ తెరిచి, అడకత్తెరతో వక్క కత్తిరిస్తూ షరతులు చెప్పింది. దుకాణంలో కూర్చోవద్దు. పెట్టెలు వెనక వాకిట్లోకే రావాలి. వచ్చినవాళ్ళు వాకిలి దాటి ఇంట్లోకి రావద్దు. చేతికి కూలి తీసుకోవద్దు. చివరి షరతు విని చిచ్చా తల గోక్కున్నాడు. తర్వాతి వారం నుంచి బియ్యం, మంచినూనె ఒక పళ్ళెంలో పెట్టి, మీద బట్ట కప్పి, వెనుకటికి ఊళ్ళో రైతులు తెచ్చినట్టే గడప ముందు పెట్టి, "పండుగ కానుక అమ్మా" అనేవాడు.

"ఏం పండుగ యూసుఫ్?" అని నాయనమ్మ ప్రతిసారీ అడిగేది.

"ఏదో ఒకటి ఉంటది అమ్మా. మాది లేకుంటె మీది."

అది కూలి అని ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ముగ్గురం కలిసి ఒక గౌరవాన్ని కాపాడుకున్నాం. దాన్ని చూసి నవ్వేవాళ్ళతో నాకు మాటల్లేవు.

రంగులు మూడే అని నిర్ణయించింది చిచ్చా. ఆకుపచ్చ తొందరగా వెలిసిపోతుందని, గులాబీ దుమ్ము పడితే మట్టిరంగు అవుతుందని ఆయన చెప్పాడు. ఎరుపు, పసుపు, నీలం జగిత్యాల టవర్ దగ్గరి దుకాణం నుంచి తెప్పించేవాడు. నల్లరంగు మాత్రం నేనే అడిగి పెట్టించాను. పసుపు పక్కన ఎరుపు నేరుగా పెడితే దూరం నుంచి రెండూ ఒకదానిలో ఒకటి కారిపోయినట్టు కనబడతాయి. నడుమ నల్లగీత ఉంటే ఎవరి హద్దులో వాళ్ళు నిలుస్తారు. ఇది నాకు బాపు తెచ్చిన గుడ్డముక్కల వల్ల తెలిసింది. ఆదివారం ఆయన ఒంటి నుంచి గంజి వాసన వచ్చేది. సంచిలో సిరిసిల్ల మగ్గాల మీద కోసిపారేసిన అంచుల ముక్కలు ఉండేవి. వాటిని గచ్చు మీద పరిచి, కొంచెం దూరం జరిగి, కళ్ళు చిట్లించి చూసేవాళ్ళం. తండ్రీ కూతుళ్ళం మాట్లాడుకున్నది తక్కువ. ఈ ముక్కల మీదనే మాట్లాడుకున్నాం. సన్నటి గీత పక్కన లావు గీత వస్తే సన్నటిదే ముందు కనబడుతుందని ఆయన చూపించాడు. నూలు మూటలు కట్టే పనిలో పడిన దొరకొడుకు ఆయన. ఆ సంగతి మేం ఎత్తేవాళ్ళం కాము. ఆయన తెచ్చిన నూలుదారానికే జాజు పూసి, పెట్టె ఈ మూల నుంచి ఆ మూలకు బిగించి పట్టి, నడుమ వేలితో లాగి వదిలితే తిన్నటి గీత పడేది. వడ్రంగులు దూలాల మీద కొట్టే పద్ధతే. దాని వెంట కుంచె నడపడమే నా పని. ఊపిరి బిగబట్టి మొదలుపెడితే చివర వరకూ ఆగకూడదు. ఆగిన చోట గీతకు ముడి పడుతుంది.

వచ్చినవాణ్ణి ఒకటే ప్రశ్న అడిగేదాన్ని. నువ్వు ఎక్కడున్నా గుర్తుపట్టేది ఏది? ముత్యంపేట నుంచి వచ్చినతను షుగర్ ఫ్యాక్టరీ గొట్టం కావాలన్నాడు.

"గొట్టం వేయ. పసుపు మీద నల్ల గీత నిలువుగ వేస్త, అదే గొట్టం అనుకో."

"పొగ?"

"పొగ వేయ."

"పొగ లేకుంటె ఫ్యాక్టరీ బంద్ అయినట్టు గాదా? పోంగ పోంగ అపశకునం ఎందుకు?"

చివరకు గొట్టం మీద ఒక చిన్న ఎర్ర చదరం పెట్టాను, లోపల మంట ఉందని. ఒప్పుకొని పోయాడు. వేములవాడ వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ రాజన్న దేవుని అడ్డనామాలే కావాలనేవాళ్ళు. మొదట అడిగినతనికి మూడు అడ్డగీతలు పెట్టి, మిగిలినవాళ్ళకు లేదన్నాను. "రాజన్న ఆయన ఒక్కనికేనా?" అని ఒకడు వాకిట్లో గట్టిగానే అడిగాడు. "దేవుడు అందరికి. గీతలు ఒక్కనికే," అన్నాను. సిరిసిల్ల నుంచి బాపు ఒక నేతగాణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన తాను నేసిన చీర అంచు ముక్క ఒకటి చేతిలో పెట్టి, "ఇగ భీవండిల ఎవరి మగ్గం మీదనో ఎవరి అంచో నేస్త. ఇది నాది," అన్నాడు. ఆ పెట్టెకు నాకు రెండు పొద్దులు పట్టాయి.

నన్ను వెనుకటి ఊళ్ళవాళ్ళు కొందరు చిన్న దొరసాని అనేవాళ్ళు, కోరుట్ల వాళ్ళు పెయింటర్ పిల్ల అనేవాళ్ళు. రెండింటికీ పలికేదాన్ని. గీత తిన్నగా పడుతున్నంత కాలం ఎవరు ఏమని పిలిస్తే నాకేం?

ఒక ఎండాకాలం, పొద్దు వాలే వేళ, ఒక మనిషి పెట్టెను తలమీద పెట్టుకొని వచ్చాడు. మామూలుగా చిచ్చా పనివాళ్ళు వెనక వాకిట్లో దింపేవాళ్ళు. ఇతను ముందు వైపు గల్లీలో నిలబడి, తలుపు తెరిచే ఉన్నా లోపలికి తొంగి చూడకుండా, "దొరసాని ఉన్నదా?" అని పిలిచాడు.

"ఎవలది?" అంది నాయనమ్మ కుర్చీలో నుంచి.

"నేను దొరసాని, గంగారాంను. గడికి కల్లు తెచ్చే రాజయ్య కొడుకును."

"రాజయ్య మంచిగున్నడా?"

"లేడు. తాటిచెట్లు ఎండినయి, ఎనుకనే ఆయన పోయిండు. నేను దుబాయ్ పోతున్న. ఎల్లుండి బస్సు."

నేను గడప దగ్గరికి వచ్చి, ఏ గుర్తు కావాలని అడిగాను. అతను ముందే అనుకొని వచ్చినట్టున్నాడు.

"గడి తలుపు."

అడకత్తెర ఆగింది. "ఏమన్నవ్?" అంది నాయనమ్మ.

"గడి తలుపు దొరసాని. మూసినప్పుడు ఎట్లుంటదో గట్ల."

నాయనమ్మ గొంతు పెంచలేదు. ఆమె ఎన్నడూ పెంచేది కాదు. "భూములు పోయినయి. ఇత్తడి పోయింది. ఆ తలుపు ఒక్కటి నిలవడ్డది. అది మా ఇంటి మొఖం. మొఖం తీసి పెట్టెకు అతికిస్తరారా?"

గంగారాం పెట్టెను కిందికి దించాడు. గల్లీ వైపు చూసి అన్నాడు, "ఆ తలుపు లేదు దొరసాని."

"లేదంటె?"

"ఇప్పుకొని పోయిండ్రు. దర్వాజ చట్రం ఒక్కటే ఉన్నది, నోరు తెర్సినట్టు."

మాకు తెలియదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ నన్ను మంచినీళ్ళు తెమ్మంది. తెచ్చిన చెంబు ఒళ్ళో పెట్టుకుంది, తాగలేదు.

"ఎవలు తీస్కపోయిండ్రో నీకు ఎర్కలేదా?"

"ఎర్కలేదు. ఎర్క ఉన్నా చెప్ప."

ఆ మాటకు ఆమె మొదటిసారి తలెత్తి అతని ముఖం చూసింది. అతనూ తల దించలేదు. "నీకెందుకురా ఆ తలుపు?" అని అడిగింది. అది గదమాయింపు కాదు. నిజంగానే తెలుసుకోవాలనే అడిగింది.

"నాకు సదువు రాదు దొరసాని. ఊళ్ళె నేను బాగ సూసింది అదొక్కటే. మా నాయిన కల్లు కుండ లోపలికి తీస్కపోయేది, నన్ను బయటనే ఉండుమనేది. దొర లేశి, తాగి, కుండ బయటికి వచ్చెదాక నిలవడుడు. ఇంకేం పని? తలుపు సూసుడే. ఏ పట్టీ ఏడుందో, ఏ ఇనుప మొల ఊడిందో కండ్లు మూసుకున్నా కనవడతది. బొంబాయిల ఎన్ని పెట్టెలున్నా నాది నాకు దొరకాలె. అండ్ల మా నాయిన దోతి ఉన్నది. అది మారితె మల్ల రాది."

నాయనమ్మ చెంబు కింద పెట్టింది. "ఏసియ్యి బిడ్డ," అంది నాతో. "ఎక్కడన్న ఒక్క తాన ఉండనీ."

గడి తలుపు పెద్దది. నీలిరంగు వేసిన టేకు రెక్కలు రెండు. వాటి మీద అడ్డంగా, నిలువుగా నల్లటి ఇనుప పట్టీలు. ఇరుపక్కల గోడకు జాజు ఎరుపు, కింద గడపకు పసుపు. ఒక రెక్కలో మాత్రం దిడ్డి ఉండేది, అంటే పెద్ద తలుపు తీయకుండా మనుషులు వంగి దూరే చిన్న తలుపు. ఆ దిడ్డి వల్ల పట్టీలు రెండు రెక్కల్లో సమానంగా ఉండవు. ఇప్పుడు తలచుకుంటే, అంతకంటే పొందికైన బొమ్మ నేను మళ్ళీ చూడలేదు. అన్నీ పెట్టెకు సరిపోయే రంగులే. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముగించాను. ఎడమ రెక్కలో దిడ్డి, కుడి రెక్క నిండు. నేను పుట్టిన ఇంటి తలుపు కదా, ఎవరినీ అడగలేదు.

సాయంత్రం గంగారాం వెనక వాకిట్లోకి వచ్చి చూశాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది గాదు."

"ఏం గాదు?"

"దిడ్డి ఇటు దిక్కు గాదు. కుడి దిక్కు."

"ఎడమ దిక్కే. నేను పుట్టిన ఇల్లు అది."

"మీరు పుట్టిండ్రు. నేను నిలవడ్డ."

"తలుపు ఎటుందో నాకు తెల్వదా?"

"తెలిస్తె గిట్ల ఎందుకు ఏస్తరు?"

చిచ్చా గోడ అవతల నుంచి, "తలుపు ఒకటే గదా, మీరిద్దరు రెండు చేసిండ్రేంది," అన్నాడు. మేమిద్దరం వినిపించుకోలేదు. ఇద్దరికీ కోపం వచ్చింది. అతనికి మర్నాడే బస్సు.

నాయనమ్మ లోపలి నుంచి అంతా వింటూనే ఉంది. "పోరి, నువ్వు దాన్ని ఏడికెళ్ళి సూసినవ్?" అని అడిగింది.

నేను పెట్టె వైపు తిరిగాను. గోడ లోపలి వాకిట్లో ఆడుకుంటూ చూశాను. ఇంటి లోపలి నుంచి చూశాను.

"నువ్వు లోపటికెళ్ళి సూసినవ్, వాడు బయటికెళ్ళి సూసిండు," అంది. తర్వాత తనతో తాను అనుకున్నట్టుగా, "మూసిన తలుపును నేనూ బయటికెళ్ళి సూడలె. మన బండి వచ్చేసరికె తెరిచి ఉండేది," అంది.

అది నిజం. మా ఇంటి ఆడవాళ్ళు ఎవరూ ఆ తలుపు మూసి ఉండగా బయట నిలబడి ఉండరు. నిలబడవలసిన అవసరం మాకు రాలేదు. నేను టర్పెంటులో గుడ్డ ముంచి, వేసినదంతా తుడిచేశాను. గంగారాంను వాకిట్లోనే కూర్చోమన్నాను. అతను చెబుతూ పోయాడు, నేను దారం కొడుతూ పోయాను. పై నుంచి రెండో పట్టీ కొంచెం వంకర అన్నాడు. వంకర గీత నా చేతికి మొదటిసారి వేయవలసి వచ్చింది, దాన్నీ వేశాను. వడగాలికి ఎనామిల్ వేసింది వేసినట్టే ఆరుతోంది.

దిడ్డి దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ కుర్చీ లేచిన చప్పుడైంది. పెట్టెలు తెచ్చేవాళ్ళు ఉండగా ఆమె ఎన్నడూ వెనక వాకిట్లోకి రాలేదు. ఆ రోజు వచ్చి, పెట్టెకు ఎదురుగా నిలబడింది. నీలం, నలుపు, రెండు వైపులా ఎరుపు, అడుగున పసుపు. మూసిన తలుపు.

"దిడ్డి గింత సిన్నగుండెనా?" అని అడిగింది.

"గంతే ఉండె దొరసాని. నడుం దాక వంగాలె. కుండ ఉంటె ఇంక కొంచెం."

ఆమె చాలాసేపు చూసింది. నేను కుంచె పైకెత్తి పట్టుకొని ఉన్నాను. కొస నుంచి నల్లరంగు చుక్క ఒకటి నా పాదం మీద పడింది.

"కొంచెం పెద్దగ పెట్టు బిడ్డ," అంది నాతో.

ఆమె ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ ఇవ్వలేని రోజులవి. ఇవ్వడానికి అదొక్కటే దొరికింది కాబోలు. నేను దారం ఎత్తి కొలత మార్చబోయాను. గంగారాం లేచి నిలబడ్డాడు.

"వద్దు దొరసాని. పెద్దగ పెడితె నాది గాదు. బొంబాయిల నేను గుర్తు వట్ట."

నాయనమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. అతని మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికినట్టు చూసింది. లేదు. అతనికి తన పెట్టె తనకు దొరకాలి, అంతే.

"ఎంతుండెనో గంతే పెట్టు," అంది.

పెట్టాను. ఆమె ఆరే వరకు అక్కడే నిలబడింది. కుర్చీ తెస్తానంటే వద్దంది.

ఆ పెట్టె గంగారాంతోనే దుబాయ్ చేరిందని, మరుసటి ఏడు సెలవుకు వచ్చిన ఒకతను చిచ్చాకు చెప్పాడు. అక్కడి గదిలో మంచం కింద ఉందట, నీలిరంగు కనబడేట్టు. నాయనమ్మకు చెప్పాను. "మంచిది," అంది. తర్వాత ఆ సంగతి మా ఇంట్లో రాలేదు. నాయనమ్మ పోయింది, చిచ్చా పోయాడు, బాపు పోయాడు. రేకు పెట్టెలు చేసేవాళ్ళు కోరుట్లలో ఇప్పుడు కనబడరు. ఇప్పటికీ మనుషులు పోతూనే ఉన్నారు, చక్రాల సూట్‌కేసులు ఈడ్చుకుంటూ. అన్నీ నల్లవే. గుర్తుకని పిడికి ఎర్రటి గుడ్డపీలిక కట్టుకుంటారు. రేకు మీద మొదలుపెట్టిన పనిని నేను కాన్వాసు మీద సాగించాను. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, ఇది ఏం బొమ్మ అని నవ్వినవాళ్ళు నవ్వినా ఆపలేదు.

పోయిన ఏడు మా చుట్టాలు హైదరాబాదులో కలుసుకున్నారు. అందరూ బాగానే కుదురుకున్నారు. గడి గోడ మిగిలినంతవరకు బాగుచేయించి, పాత తలుపు లాంటిదే చేయించి బిగించాలని అనుకున్నారు. బొమ్మలు వేసేది నేనే కాబట్టి తలుపు గీసి ఇమ్మన్నారు. నేను బయటి వైపు గీసి పంపాను. వారం తిరగకుండా మా పెదనాన్న మనవడు ఫోన్ చేశాడు. అంతా చాలా బాగుంది, దిడ్డి ఒక్కటే మరీ చిన్నగా ఉంది, చూసినవాళ్ళు ఏమనుకుంటారు, కొంచెం పెద్దది చేసి పంపమన్నాడు. పెద్దది చేయను అన్నాను. అయితే వడ్రంగితో తామే చేయించుకుంటామన్నాడు. చేయించుకోండి, కాని ఆ గీతల కింద నా పేరు ఉండదు అన్నాను. నా కాగితం నాకు తిరిగి తెప్పించుకున్నాను.

వాళ్ళు ఇప్పుడు నాతో సరిగా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. నేను ఆ ఇంటిదాన్నే, ఆ పేరు విడిచిపెట్టేదాన్ని కాదు. ఆ తలుపును వంగకుండా దాటిన ఇంట్లో పుట్టాను. దిడ్డి ఎంత చిన్నదో అంతే గీస్తాను.